ఎక్స్ అంటే పసుపు కాదు



మన నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ చుట్టుపక్కల ఇది పసుపు పనుల కాలం. ఆర్మూర్ నుంచి మోర్తాడ్, కమ్మర్‌పల్లి దాకా ఎటు పోయినా అదే పని. ఒకచోట తవ్వుతుంటారు. ఒకచోట ఉడకబెడుతుంటారు. ఇంకోచోట కొమ్ములు ఎండబోసి ఉంటాయి. జూన్‌లో పెట్టిన పంట ఇంటికొచ్చే రోజులివి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర ఎంత పలికిందని పొద్దుమాపు ఒకటే ఫోన్లు.

ఇవే రోజుల్లో పిల్లలకు పరీక్షలు కూడా దగ్గర పడతాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు లెక్కల పుస్తకం తెరుస్తారు. అంకెలతో చేసే లెక్కలైతే బాగానే చేస్తారు. కూడిక వచ్చు, తీసివేత వచ్చు, భాగహారం కూడా వచ్చు. పేజీ తిప్పగానే ఎక్స్ వస్తుంది. వై వస్తుంది. అక్కడ పెన్ను ఆగిపోతుంది.

"సారూ, లెక్కలల్ల అక్షరాలు ఎందుకొచ్చినయ్?" అని అడుగుతారు. ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి సరైన జవాబు చెప్పకుండా ముందుకు పోయామనుకోండి, ఆ పిల్లలు పదో తరగతి దాకా సూత్రాలు బట్టీ పడుతూనే ఉంటారు. అందుకే ఈరోజు ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. అమ్మానాన్నలకు చెబుతున్నాను. బడిలో లెక్కలు చెప్పే తోటి ఉపాధ్యాయులకు కూడా చెబుతున్నాను.

చెప్పదలచుకున్న మాట చిన్నది. ఎక్స్ అంటే వస్తువు కాదు. ఎక్స్ అంటే ఒక సంఖ్య. మనకింకా తెలియని సంఖ్య, లేదంటే మారుతూ ఉండే సంఖ్య. మళ్ళీ చెబుతున్నాను. ఎక్స్ అంటే పసుపు కాదు. "పసుపు ఎన్ని క్వింటాళ్ళు?" అని అడిగితే జవాబుగా వచ్చే సంఖ్య.

ఇంతేనా అనిపించవచ్చు. అయితే ఒక చిన్న పరీక్ష పెడతాను. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. పిల్లలుంటే పిలవండి.

పచ్చి పసుపును ఉడకబెట్టి ఎండబెడితే బరువు బాగా తగ్గుతుంది. ఈ సంగతి మన ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మొత్తం మీద 5 క్వింటాళ్ళ పచ్చి పసుపుకు సుమారు 1 క్వింటాలు ఎండు పసుపు చేతికొస్తుంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రమే ఉన్న నేల మనది. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఇప్పుడు దీన్ని అక్షరాలతో రాయాలి. పచ్చి పసుపుకు "ప" అని పెడదాం. ఎండు పసుపుకు "ఎ" అని పెడదాం. ఐదు పచ్చికి ఒకటి ఎండు. సమీకరణం ఎట్లా రాస్తారు?

రాశారా? చాలామంది ఇట్లా రాస్తారు. 5 ప సమానం ఎ. ఐదు పచ్చి, ఒకటి ఎండు. విన్న మాటను విన్నట్టే రాశారు. చూడటానికి కూడా ముచ్చటగా ఉంది.

కానీ తప్పు.

తప్పు అని ఎట్లా తెలుస్తుంది? ఒక సంఖ్య వేసి చూద్దాం. పచ్చి పసుపు 50 క్వింటాళ్ళు ఉందనుకోండి. అంటే ప 50. ఐదు యాభైలు 250. ఈ సమీకరణం ప్రకారం ఎండు పసుపు 250 క్వింటాళ్ళు రావాలి. 50 క్వింటాళ్ళు ఉడకబెడితే 250 క్వింటాళ్ళు ఎట్లా వస్తుంది? రాదు. రావాల్సింది 10.

మరి సరైనది ఏది? ప సమానం 5 ఎ. ఎండు పసుపు సంఖ్యను 5తో గుణిస్తే పచ్చి పసుపు సంఖ్య వస్తుంది. పదిని 5తో గుణిస్తే 50. సరిపోయింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో చూడండి. గుణించడం రాక జరగలేదు. తెలివి తక్కువై జరగలేదు. "ప" అనే అక్షరాన్ని పిల్లవాడు పచ్చి పసుపు అని చదువుకున్నాడు. "5 ప" అంటే ఐదు పచ్చి పసుపులు అనుకున్నాడు. అక్కడ అక్షరం వస్తువుకు పేరైపోయింది. కానీ బీజగణితంలో "ప" పసుపు కాదు. పచ్చి పసుపు ఎన్ని క్వింటాళ్ళో చెప్పే సంఖ్య. అక్షరం పెట్టేటప్పుడు నేను కూడా "పచ్చి పసుపుకు ప" అన్నాను, గమనించారా? కావాలనే అన్నాను. బళ్ళల్లో, పుస్తకాల్లో ఇట్లా పొట్టిగా చెప్పేస్తుంటారు. ఆ పొట్టి మాటలోనే చిక్కంతా ఉంది.

ఈ పొరపాటు మన పిల్లలది మాత్రమే కాదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇట్లాంటి ప్రశ్నే ఇచ్చారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు, దీన్ని సమీకరణంగా రాయండి, అని. రాసింది 150 మంది. వాళ్ళలో 37 శాతం మంది తప్పు రాశారు. తప్పు రాసినవాళ్ళలో ఎక్కువమంది గుణకాన్ని అటుది ఇటు పెట్టారు. మన పచ్చి పసుపు, ఎండు పసుపు తప్పే అది. ఆ పరిశోధన 1981లో అచ్చయింది. ఇంజనీరింగ్ దాకా వచ్చినవాళ్ళే తడబడ్డారు. పన్నెండేళ్ళ పిల్లవాడు తడబడితే "నీకు లెక్కలు రావు" అని ఎట్లా అంటాం? ఆ మాట ఇంట్లో గానీ, బడిలో గానీ అనకండి. దయచేసి అనకండి.

మరి ఏం చెయ్యాలి? చెయ్యాల్సిన పని ఒక్కటే, అందులో రెండు అడుగులున్నాయి. అక్షరం రాసే ముందు పూర్తి వాక్యం చెప్పించాలి. సమీకరణం రాసిన తర్వాత ఒక సంఖ్య వేసి చూపించమనాలి. ముందు వాక్యం, తర్వాత సంఖ్య.

వాక్యం ఎట్లా ఉండాలి? "ఎక్స్ అంటే పసుపు" అంటే ఒప్పుకోకూడదు. "ఎక్స్ అంటే బరువు" అన్నా చాలదు. "ఎక్స్ అంటే ఎండు పసుపు ఎన్ని క్వింటాళ్ళో ఆ సంఖ్య" అనాలి. అందులో "ఎన్ని" అనో "ఎంత" అనో ఉండాలి. కిలోలా, క్వింటాళ్ళా, రూపాయలా అన్నది కూడా ఉండాలి. ఈ వాక్యం నోటితో అని, నోటుబుక్కులో రాశాకే లెక్క మొదలుపెట్టాలి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

నిజానికి బీజగణితం పుట్టింది కూడా వాక్యాల్లోనే. 820 ప్రాంతంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఈ విద్య మీద పుస్తకం రాశాడు. అందులో ఎక్స్ లేదు, వై లేదు. అంతా మాటలే. ఆస్తి పంపకాలకు, వ్యాపారానికి, భూమి కొలతలకు పనికొచ్చే లెక్కలు చెప్పాడు. మన దేశంలో అంతకుముందే, 628లో, బ్రహ్మగుప్తుడు తెలియని సంఖ్యలతో లెక్కలు చేసే పద్ధతులు రాశాడు. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితం అనే పేరుతోనే గ్రంథం రాశాడు. తెలియని సంఖ్యలు ఒకటికి మించి ఉంటే ఆయన వాటికి రంగుల పేర్లు పెట్టుకున్నాడు. నలుపు, నీలం, పసుపు, ఎరుపు అని. ఆ రంగుకూ లెక్కలోని సరుకుకూ సంబంధం ఉండనక్కర్లేదు. తెలియని సంఖ్యలకు ఎక్స్, వై, జెడ్ వాడే అలవాటు 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ పుస్తకం నుంచి వచ్చింది. అంటే మనిషికి ముందు వాక్యం వచ్చింది. ఎక్స్ చాలా వందల ఏళ్ళ తర్వాత వచ్చింది. పిల్లవాణ్ణి మాత్రం మొదటి రోజే అక్షరం ముందు నిలబెడుతున్నాం.

తెలుగులో కూడా ఈ సంప్రదాయం పాతదే. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహం రాస్తే, పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మొత్తంలో ఇంత భాగం ఇక్కడ పోయింది, ఇంత భాగం అక్కడ పోయింది, మిగిలింది ఇంత, మొదట ఉన్నదెంత? ఇట్లాంటి లెక్కలు ఆ సంప్రదాయానివి. ఇవాళ ఏడో తరగతిలో చెప్పే సామాన్య సమీకరణాలు ఇవే కదా.

ఇప్పుడు సమాసం అంటే ఏమిటో, సమీకరణం అంటే ఏమిటో చూద్దాం. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. దీనికి మన తక్‌పట్టీని తీసుకుందాం.

యార్డులో సరుకు అమ్మిపెట్టిన ఆడ్తిదారు రాసిచ్చే చీటీ తక్‌పట్టీ. బరువెంత, ధరెంత, కోతలెంత, చివరికి చేతికొచ్చేదెంత అన్నీ అందులో ఉంటాయి. ఇంకా ఏమీ రాయని ఖాళీ తక్‌పట్టీని ఊహించుకోండి. గడులున్నాయి. గడుల్లో అంకెలు లేవు. కానీ లెక్క చేసే తీరు ముందే ఖాయమైంది. బరువును ధరతో గుణించాలి. ఖర్చులు తీసెయ్యాలి. మిగిలింది రైతుకివ్వాలి. 5 క్వింటాళ్ళు తెచ్చిన రైతుకైనా, 50 క్వింటాళ్ళు తెచ్చిన రైతుకైనా తీరు ఒక్కటే.

ఖాళీగా ఉన్న ఆ బరువు గడి ఎక్స్. ఆ లెక్క తీరు బీజీయ సమాసం.

అంకెలు వేసుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, ఇవాళ్టి ధరలు కావు. క్వింటాలు ధర 12,000 రూపాయలు. బండి కిరాయి, హమాలీ, మిగతా ఖర్చులు అన్నీ కలిపి 2,000. సరుకు ఎంతున్నా ఖర్చు ఇంతే అనుకుందాం. ముందు వాక్యం. ఎక్స్ అంటే రైతు అమ్మిన ఎండు పసుపు ఎన్ని క్వింటాళ్ళో ఆ సంఖ్య. ఇప్పుడు రాయొచ్చు. చేతికొచ్చే రూపాయలు 12,000 ఎక్స్ మైనస్ 2,000.

ఇక సంఖ్య వేసి చూద్దాం. 10 క్వింటాళ్ళు అమ్మితే? 1,20,000లోంచి 2,000 తీస్తే 1,18,000. 5 క్వింటాళ్ళు అమ్మితే? 60,000లోంచి 2,000 తీస్తే 58,000. సంఖ్య మారింది, డబ్బు మారింది. తీరు మారలేదు. ఆరో తరగతిలో అగ్గిపుల్లలతో ఆకారాలు పేర్పించి పిల్లలకు చెప్పాలని చూసేది ఈ సంగతే.

ఇక్కడ ఒక జాగ్రత్త. సమాసంలో తేల్చాల్సింది ఏమీ లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. కొంతమంది పిల్లలు సమాసం కనబడగానే పక్కన సమానం గుర్తు పెట్టి, సున్నా వేసి, ఎక్స్ కనుక్కోవడం మొదలుపెడతారు. వాళ్ళను ఆపి ఒక్క మాట అడగండి. "చేతికి సున్నా రూపాయలొచ్చినయని నీకెవరు చెప్పిన్రు?"

మరి సమీకరణం ఎప్పుడవుతుంది? రైతు ఇంటికొచ్చాడు. తక్‌పట్టీ వానకు తడిసింది. బరువు గడి చెరిగిపోయింది. చేతికొచ్చింది 94,000 అని మాత్రం కనబడుతోంది. ఎన్ని క్వింటాళ్ళు అమ్మినట్టు? ఇప్పుడొక సమాచారం దొరికింది, ఒక ప్రశ్న పుట్టింది. 12,000 ఎక్స్ మైనస్ 2,000 సమానం 94,000. ఇది సమీకరణం.

దీన్ని చదువు రాని రైతు కూడా చేస్తాడు. చివర తీసేసిన 2,000ను ముందు తిరిగి కలుపుతాడు. 96,000 అవుతుంది. క్వింటాలుకు 12,000 కాబట్టి దాన్ని 12,000తో భాగిస్తాడు. 8 వస్తుంది. 8 క్వింటాళ్ళు. ఇదే సమీకరణం సాధన. బడిలో మాత్రం "మైనస్ అటు పోతే ప్లస్ అవుతుంది" అని చెబుతాం. అంకె ఎక్కడికీ పోలేదు. రెండు వైపులా 2,000 కలిపాం, అంతే. ఎడమ వైపు ఖర్చు పూడిపోయింది. కుడి వైపు 96,000 అయింది. పక్షాంతరం అనే పేరు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఈ కారణం చెప్పండి.

పిల్లలు నోటుబుక్కులో ఇంకో తీరుగా రాస్తుంటారు. 94,000 ప్లస్ 2,000 సమానం 96,000 బై 12,000 సమానం 8. అంతా ఒకే వరుసలో. జవాబు సరైనదే కానీ రాత తప్పు. 94,000కు 2,000 కలిపితే 8 కాదు కదా. సమానం గుర్తుకు రెండు పక్కలా ఒకే విలువ ఉండాలి. ఒక్కో మెట్టును ఒక్కో వరుసలో రాయించండి. ఈ తప్పు పోతుంది.

ఇప్పుడు తోటి ఉపాధ్యాయులతో ప్రత్యేకంగా ఒక సంగతి మాట్లాడాలి. సజాతి పదాలు, విజాతి పదాలు చెప్పేటప్పుడు పండ్ల ఉదాహరణ ఇస్తుంటాం. ఎక్స్ అంటే మామిడి, వై అంటే జామ. మూడు మామిడి పండ్లు, నాలుగు జామ పండ్లు కలపలేం, కాబట్టి 3 ఎక్స్, 4 వై కలపలేం, అని. పిల్లలు తల ఊపుతారు. ఆ పూటకు పాఠం గడుస్తుంది. కానీ ఆ పూటే అక్షరం వస్తువైపోతుంది. మర్నాడు ఎక్స్‌ను వైతో గుణించమంటాం. మామిడిని జామతో ఎట్లా గుణిస్తారు? ఎక్స్ స్క్వేర్ అంటాం. మామిడి స్క్వేర్ ఏమిటి? పిల్లల దగ్గర జవాబుండదు. ఆ ఉదాహరణను పూర్తిగా వదిలెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

దాని బదులు బస్తాల బరువుతో చెప్పండి. నిజామాబాద్ యార్డుకు కాడి, గోళ అని రెండు రకాల పసుపు వస్తుంది. ముందు వాక్యం. ఎక్స్ అంటే ఒక కాడి బస్తా ఎన్ని కిలోలుందో ఆ సంఖ్య. వై అంటే ఒక గోళ బస్తా ఎన్ని కిలోలుందో ఆ సంఖ్య. కాడి బస్తాలన్నీ ఒకే బరువు, గోళ బస్తాలన్నీ ఒకే బరువు అనుకుందాం.

నిన్న 3 కాడి బస్తాలు, ఇవాళ 4 కాడి బస్తాలు. మొత్తం 3 ఎక్స్, 4 ఎక్స్ కలిపి 7 ఎక్స్ కిలోలు. బస్తా 50 కిలోలున్నా నిజమే, 70 ఉన్నా నిజమే. బరువు తెలియకపోయినా కలిపేయొచ్చు.

ఇప్పుడు 3 కాడి బస్తాలు, 4 గోళ బస్తాలు. మొత్తం 3 ఎక్స్ ప్లస్ 4 వై. బరువులు తెలిసేదాకా దీన్ని ఇంతకంటే పొట్టిగా రాయలేం. కలపకూడదని నిషేధమేమీ లేదు. తెలిసిన రోజున కలుపుతాం. ఎక్స్ 60, వై 50 అని దడ్వాయి తూకం వేసి చెప్పాడనుకోండి. 180, 200 కలిపితే 380 కిలోలు. చూశారా, కలిసిపోయాయి.

కొంతమంది పిల్లలు 3 ఎక్స్ ప్లస్ 4 వైని 7 ఎక్స్ వై అని రాస్తారు. "తప్పు" అని ఎర్ర గీత పెట్టకండి. సంఖ్య వేసి చూడమనండి. 60, 50, 7 గుణిస్తే 21,000 కిలోలు. అంటే 210 క్వింటాళ్ళు. ఏడు బస్తాల్లో 210 క్వింటాళ్ళు పట్టవని వాళ్ళే చెబుతారు. తప్పును తామే పట్టుకున్న పిల్లలు దాన్ని అంత సులువుగా మళ్ళీ చెయ్యరు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎక్స్, వై వేరు వేరు అక్షరాలు కాబట్టి విలువలు కూడా వేరుగానే ఉండాలని పిల్లలనుకుంటారు. అక్కర్లేదు. కాడి బస్తా 60 కిలోలుండొచ్చు, గోళ బస్తా కూడా 60 కిలోలుండొచ్చు.

పసుపు పండించని ఇళ్ళు కూడా ఉన్నాయి. మన జిల్లాలో బీడీలు చుట్టే అమ్మలు వేలమంది. ఆ ఇంట్లో కూడా బీజగణితం ఉంది. వెయ్యి బీడీలకు 250 రూపాయలు అనుకుందాం. కూలి ఎంత? 250 ఎక్స్ అని పిల్లవాడు రాస్తాడు. "ఎక్స్ అంటే బీడీలు" అంటాడు. అట్లయితే 700 బీడీలు చుట్టిన రోజున కూలి 1,75,000 రూపాయలు అవుతుంది. వాక్యం సరిచేయించండి. ఎక్స్ అంటే ఎన్ని వేల బీడీలో ఆ సంఖ్య. 700 అంటే 0.7 వేలు. 250ని 0.7తో గుణిస్తే 175 రూపాయలు. వాక్యంలో "వేలు" అన్న ఒక్క మాట లేక లెక్క తలకిందులైంది.

ఇక చివరగా కొంచెం పెద్ద లెక్క. ఎనిమిదో తరగతిలో ఎక్స్ రెండు వైపులా వస్తుంది. పిల్లలు మరింత భయపడతారు. ఎందుకట్లా వస్తుందో చెబితే భయం ఉండదు.

మన రైతుల్లో కొందరు సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు తీసుకుపోతారు. అక్కడ ధర ఎక్కువ పలుకుతుందన్న ఆశ. కానీ దూరం, కిరాయి ఎక్కువ. నిజామాబాద్‌లో అమ్మాలా, సాంగ్లీకి పోవాలా? ఇంటింటా మాట్లాడుకునే ప్రశ్నే ఇది. లెక్క కోసం అంకెలు వేసుకుందాం. నిజామాబాద్‌లో క్వింటాలు 12,000, ఖర్చు 2,000. సాంగ్లీలో క్వింటాలు 12,800, ఖర్చు 10,000. ఇక్కడ కూడా ఖర్చు సరుకుతో మారదనుకుందాం.

వాక్యం మరిచిపోవద్దు. ఎక్స్ అంటే అమ్మదలచిన ఎండు పసుపు ఎన్ని క్వింటాళ్ళో ఆ సంఖ్య. నిజామాబాద్‌లో చేతికొచ్చేది 12,000 ఎక్స్ మైనస్ 2,000. సాంగ్లీలో చేతికొచ్చేది 12,800 ఎక్స్ మైనస్ 10,000. రెండు చోట్లా ఒకే డబ్బు ఎప్పుడొస్తుంది? ఆ రెండింటినీ సమానం చెయ్యాలి. అందుకే ఎక్స్ రెండు వైపులా వచ్చింది.

సాధిద్దాం. సాంగ్లీలో క్వింటాలుకు 800 ఎక్కువ. ఖర్చు 8,000 ఎక్కువ. 800 ఎక్స్ సమానం 8,000. ఎక్స్ సమానం 10. అంటే 10 క్వింటాళ్ళ దగ్గర రెండూ ఒకటే. నమ్మకం లేకపోతే సంఖ్య వేసి చూడండి. నిజామాబాద్‌లో 1,18,000. సాంగ్లీలో 1,28,000లోంచి 10,000 పోతే 1,18,000.

5 క్వింటాళ్ళే ఉంటే? నిజామాబాద్‌లో 58,000, సాంగ్లీలో 54,000. ఇక్కడే అమ్ముకోవాలి. 20 క్వింటాళ్ళుంటే? నిజామాబాద్‌లో 2,38,000, సాంగ్లీలో 2,46,000. పోవడం లాభమే. చిన్న రైతుకు ఒక జవాబు, పెద్ద రైతుకు ఒక జవాబు. రెండూ ఒకే సమీకరణంలోంచి వచ్చాయి. ఈ లెక్కను మీ ఎనిమిదో తరగతి పిల్లతో చేయించండి. ఈసారి అంకెలు మీవి ఇవ్వండి. మీ సరుకు, మీరు విన్న ధర, మీకు చెప్పిన కిరాయి. ఇంటికి పనికొచ్చే లెక్క చేశానన్న ధైర్యం ఆ పిల్లకు ఎంత మేలు చేస్తుందో మాటల్లో చెప్పలేను.

చివరికి అమ్మానాన్నలకు ఒక విన్నపం. "మాకు చదువు రాదు సార్, మేమేం చెబుతాం" అని చాలామంది అంటారు. మీరు చెప్పనక్కర్లేదు. అడిగితే చాలు. పిల్లవాడు లెక్క చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఇట్లా అడగండి. "బిడ్డా, ఈ ఎక్స్ అంటే ఏంది? ఎన్ని ఏంది?" వాడు "ఎక్స్ అంటే పసుపు" అంటే ఒప్పుకోకండి. "ఎన్ని క్వింటాళ్ళ పసుపో ఆ సంఖ్య" అనేదాకా అడగండి. తర్వాత "ఒక అంకె వేసి చూపించు" అనండి. ఈ రెండు మాటలు అడగడానికి చదువు అక్కర్లేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, రేపు తరగతికి ఒక పాత తక్‌పట్టీ తెమ్మని పిల్లలకు చెప్పండి. పేర్లు కనబడకుండా మడిచి తెమ్మనండి. బీడీల ఇంటి పిల్లలు కూలి లెక్క రాసుకున్న కాగితం తెచ్చుకుంటారు. బోర్డు మీద ఎక్స్ రాసే ముందు ఆ కాగితంలో ఒక గడి మూసి, అందులో ఏముంటుందో ఒక్కొక్కరితో పూర్తి వాక్యంలో చెప్పించండి. పాఠం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.